ట్రంకు పెట్టె మీద నంబరు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ మమ్మల్ని పిల్లల చదువుల గురించి మాట్లాడమంటారు. ఈసారి మాత్రం వేరే విషయం ఏదైనా చెప్పమని పెద్దలు అన్నారు. ఇంట్లో కూర్చుని ఆలోచించాం. మేము అంటే మా నలుగురు తోబుట్టువులం. చివరికి మా ఇంటి సంగతే చెబుదామని అనుకున్నాం. యుద్ధానికి వెళ్లి వచ్చిన పెద్దల వస్తువుల్ని మనం ఎలా పోగొట్టుకుంటున్నామో, ఎలా కాపాడుకోవచ్చో మీ ముందు పెడదామని వచ్చాం. ఇందులో మా తప్పులు కూడా ఉన్నాయి. వాటిని దాచకుండా చెబుతాం. మా తప్పు విని మీలో ఒక్క ఇల్లు జాగ్రత్తపడినా మాకు చాలు.

మా దాదా ఊరు మార్కాపురం వైపు ఒక పల్లె. తాపీ పని చేసుకునే ఇల్లు. 1941లో, పందొమ్మిదేళ్ల వయసులో ఆయన పట్టాళంలో చేరారు. దళం పేరు మద్రాసు సాపర్స్. బెంగుళూరులో అల్సూరు చెరువు పక్కన వాళ్ల కేంద్రం. సైన్యానికి దారులు వేయడం, వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం సాపర్ల పని. అప్పటి మద్రాసు రాజధాని నుంచి తమిళులు, తెలుగువాళ్లు, దక్కనీ ముసల్మానులు ఆ దళంలో ఒకే పంక్తిలో తిని, ఒకే గుడారంలో పడుకుని పనిచేశారు. దాదా బర్మా యుద్ధానికి వెళ్లారు. 1946లో తిరిగి వచ్చారు. తాపీ మేస్త్రీగానే బతికి 1978లో కన్నుమూశారు.

యుద్ధం గురించి ఆయన మా పెద్దలకు చెప్పినవి మూడే ముక్కలు. వాన ఆగేది కాదని, కాళ్లకు జలగలు పట్టేవని, ఒకసారి నది దాటుతుంటే సామాను మోసే కంచరగాడిద కళ్ల ముందే కొట్టుకుపోయిందని. అంతకుమించి అడిగితే, "అవన్నీ ఇప్పుడెందుకు, అన్నం తినండి" అనేవారట. యుద్ధం చూసి వచ్చినవాళ్లు చాలామంది ఇంతే. మాట్లాడరు. వాళ్ల తరఫున మాట్లాడేవి వాళ్లు తెచ్చుకున్న సామానే.

ఆ సామాను ఏమిటంటే, ఒక ఇనుప ట్రంకు పెట్టె, మూడు పతకాలు, అన్నం తినే మెస్ టిన్ ఒకటి, ఒక కంబళి, బెంగుళూరు స్టూడియోలో తీయించుకున్న ఫోటో, ఒక గుడ్డ సంచిలో కొన్ని కాగితాలు. దాదా పోయేనాటికే ఇవి చెదిరిపోయాయి. 1962లో మా ఫుప్పమ్మ పెళ్లికి ట్రంకు పెట్టెకి ఆకుపచ్చ రంగు వేయించి, మూత మీద పువ్వులు గీయించి, బట్టలు సర్ది అత్తగారింటికి పంపారు. పతకాలు, మెస్ టిన్ మా చిచ్చా దగ్గర ఉండిపోయాయి. ఫోటో, కాగితాల సంచి మా అబ్బాకి వచ్చాయి. కంబళిని పురుగు తినేసింది. ఇవి ముక్కలవుతున్నాయని ఆ రోజు ఎవరికీ అనిపించలేదు. ఒకరికి పెట్టె, ఒకరికి పతకాలు, ఒకరికి కాగితాలు. న్యాయంగానే పంచుకున్నామని అనుకున్నారు.

ఆ పంపకం వల్ల నష్టపోయింది మా దాదీమా.

యుద్ధ కాలంలో చేరి, యుద్ధం అయిపోగానే ఇంటికి పంపేసిన సిపాయిలకు పెన్షన్ రాలేదు. పెన్షన్‌కి కావలసినంత సర్వీసు వాళ్లకు లేదు. చాలా ఏళ్ల తర్వాత, రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి పెన్షన్ లేనివాళ్లకు, వాళ్ల వితంతువులకు నెలనెలా కొంత సాయం వస్తుందని ఎవరో చెబితే దాదీమా దరఖాస్తు పెట్టుకుంది. డిశ్చార్జి పుస్తకం తెమ్మన్నారు. అది లేదు. అబ్బా సంచిలోని కాగితాల్లో సగం చెద తినేసింది. పోనీ సిపాయి నంబరు చెప్పమన్నారు. అదీ ఎవరికీ తెలియదు. పతకాలు పట్టుకెళ్లి బల్ల మీద పెడితే, "ఇవి మీవేనని ఏమిటి రుజువు?" అన్నారు. ఆ ప్రశ్న వినడానికి కష్టంగా ఉన్నా, అందులో తప్పు లేదు. మొదటి ప్రపంచ యుద్ధం పతకాలకు అంచు మీద సిపాయి నంబరు, పేరు చెక్కారు. రెండో యుద్ధం పతకాలన్నింటికీ అలా చెక్కలేదు. మా దాదావాటికి లేదు. దాదీమా ఆఫీసు మెట్లు ఎక్కి దిగి అలసిపోయింది. 2004లో పోయింది. ఒక్క రూపాయి రాలేదు.

2019లో కంభంలో ఫుప్పమ్మ కొడుకు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నాడు. పాత ఇనుప సామాను కొనేవాడిని పిలిచారు. బయట పడేసిన వాటిలో ఆ ట్రంకు పెట్టె ఉంది. తుప్పు పట్టి ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. ఆ రోజు మాలో ఇద్దరం అక్కడే ఉన్నాం. లేచిన ఒక పెచ్చు కింద తెల్లటి అంకె కనబడింది. గోరుతో మెల్లగా తీస్తే ఇంకో అంకె. తర్వాత దాదా పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో. పట్టాళంలో ప్రతి సిపాయి పెట్టె మీద నంబరు, పేరు రాయిస్తారు. దాదీమా ఆఫీసుల చుట్టూ తిరిగిన అన్నేళ్లూ ఆ నంబరు కంభంలో, ఆమె కూతురి మంచం కింద, పెళ్లి రంగు వెనకాల ఉంది.

ఫుప్పమ్మ పెట్టె మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చుంది. "అమ్మ ఈ పెట్టె మీదే కూర్చుని కళ్లు తుడుచుకునేదిరా" అంది.

ఆ నంబరుతో దళం రికార్డుల ఆఫీసుకు ఉత్తరం రాశాం. నంబరు, పేరు, ఊరు, చేరిన ఏడు, దాదాకి మేమేమవుతామో ఒక కాగితం మీద వివరంగా రాసి, వారసత్వానికి సంబంధించిన నకళ్లు జతచేశాం. ఎనిమిది నెలలకు జవాబు వచ్చింది. చేరిన తేదీ, విడుదలైన తేదీ, చేసిన పని, రావలసిన పతకాల పేర్లు. పదిహేను వరుసల కాగితం అది. ఇరవై ఏళ్ల ముందు వచ్చి ఉంటే దాదీమా మందులకు పనికొచ్చేది. ఇప్పుడది మాకు మా దాదా ఎవరో చెప్పే కాగితం.

ఇక పతకాల సంగతి. మాకు ఒక ఫజీతు, ఒక తప్పు, రెండూ వీటితోనే జరిగాయి. చిచ్చా తన కూతురి పెళ్లి అప్పుడు డబ్బుకి ఇబ్బందిపడి, వాటిని కంసాలి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన గీటురాయి మీద గీసి, "ఇది వెండి కాదు భాయ్, ఈ నక్షత్రాలు బంగారం అసలే కాదు" అని తిప్పి పంపాడు. ఆయన చెప్పింది నిజం. రెండో యుద్ధంలో ఇచ్చిన నక్షత్రాలు రాగి, జింకు కలిసిన లోహం. గుండ్రటి వార్ మెడల్ రాగి, నికెలు మిశ్రమం. కరిగిస్తే ఏమీ రాదు కాబట్టి మా ఇంట్లో మిగిలాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సిపాయిలకు ఇచ్చిన గుండ్రటి బ్రిటిష్ వార్ మెడల్ మాత్రం అసలు వెండిది. అంచు మీద పేరుతో సహా ఎన్ని పతకాలు కరిగి ఎవరి కాళ్ల పట్టీలయ్యాయో లెక్కలేదు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే, తూకానికి వచ్చే డబ్బు చూసి ఇవ్వకండి.

మా తప్పు ఏమిటంటే, ఒక పెళ్లిలో ఫోటో కోసం పతకాలు మెరవాలని మాలో ఒకరం చింతపండు పెట్టి తోమాం. మెరిశాయి. కానీ నక్షత్రం మధ్యలో ఉండే రాజుగారి ముద్ర గీతలు అరిగిపోయాయి. బర్మా స్టార్ రిబ్బను ముదురు నీలం, మధ్యలో ఎర్ర పట్టీ, అటూ ఇటూ నారింజ చారలు. తడిసి ఆ రంగులు ఒకదానిలోకి ఒకటి దిగాయి. డెబ్బై ఏళ్లు చెక్కుచెదరని వాటిని అరగంటలో మేం చెడగొట్టాం.

ఇప్పుడు ఉత్తరం గురించి చెబుతాం. అబ్బా సంచిలో చెద తినకుండా మిగిలిన వాటిలో ఒక ఉత్తరం ఉంది. 1945 జనవరిలో రాసింది. ఏ ఊరి నుంచి రాశారో లేదు. యుద్ధంలో సిపాయి ఉన్న చోటు రాయకూడదు. పోస్టు ముద్రలో కూడా ఫీల్డ్ పోస్టాఫీసు నంబరే ఉంటుంది, ఊరు పేరు ఉండదు. మేం చదువుకునే రోజుల్లో ఆ ఉత్తరం తీసి చూసేవాళ్లం. ఇంగ్లీషు అక్షరాలు, కానీ ఒక్క మాట అర్థమయ్యేది కాదు. దాదాకి ఇంగ్లీషు సరిగా రాదులే అని మళ్లీ సంచిలో పెట్టేసేవాళ్లం. బీఈడీలు చదివాక కూడా మాకు తట్టలేదు.

పెట్టె దొరికిన తర్వాత అన్ని వస్తువుల్నీ ఒకరోజు ఫుప్పమ్మ ఇంటికి చేర్చాం. ఏడో తరగతి చదివే మా మనవడొకడు ఆ ఉత్తరం తీసుకుని, అర్థంతో పని లేకుండా, అక్షరం పక్కన అక్షరం పెట్టి బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు. వంటింట్లో ఉన్న ఫుప్పమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వాడేదో ఉర్దూ చదువుతున్నాడు, మీకు వినబడట్లేదా?" అంది.

అది రోమన్ ఉర్దూ. అప్పటి సైన్యంలో రకరకాల భాషలవాళ్లకు ఒకే భాష నేర్పడానికి ఉర్దూని ఇంగ్లీషు అక్షరాల్లో నేర్పేవారు. బడి మొహం చూడని మా దాదా పట్టాళంలో ఆ అక్షరాలు నేర్చుకుని, తన చేత్తో ఇంటికి రాశారు. మా ఇంట్లో మొదటి చదువు అది. టీచర్లమైన మేము దాన్ని తప్పుల ఇంగ్లీషు అని పక్కన పెట్టేశాం.

ఉత్తరంలో గొప్ప సంగతులేమీ లేవు. తాను బాగున్నానని, వానలు తగ్గి చలి పెరిగిందని, గేదె ఈనిందా అని, మనియార్డరు అందిందా అని. తర్వాత పుట్టిన బిడ్డ గురించి. ఆడపిల్ల పుట్టిందని తెలిసింది, సంతోషం అని రాశారు. పంపిన డబ్బులో అయిదు రూపాయలు పాపకి వెండి పట్టీలు చేయించమని, ఆ అయిదూ అప్పుకి కట్టవద్దని రాశారు. ఆ పాప మా ఫుప్పమ్మ. 1944లో పుట్టింది. తండ్రి తనను మొదటిసారి చూసేసరికి ఆమెకు నడక వచ్చేసింది. ఇంట్లో పెద్దలు మొదటి కాన్పు మగపిల్లాడైతే బాగుండేదని అనేవారట. మాట తక్కువ మనిషి అయిన తండ్రి కూడా అదే అనుకున్నాడేమోనని ఆమె మనసులో డెబ్బై ఐదేళ్లు ఉండిపోయింది. పట్టీలు అమ్మమ్మగారింటివాళ్లు పెట్టారని అనుకుందట. "ఆ వరుస మళ్లీ చదువురా" అంది. వాడు చదివాడు. ఇంకోసారి చదవమంది.

పెద్దలారా, 1914 నుంచి 1918 వరకు ఫ్రాన్సులో పోరాడిన మన సిపాయిల ఉత్తరాల్ని సైన్యం సెన్సారు ఆఫీసు చదివేది. కొన్నింటిలోని భాగాల్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి ఫైళ్లలో పెట్టుకుంది. ఆ ఫైళ్లు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చరిత్రకారులు వాటి మీద పుస్తకాలు రాశారు. అంటే మన సిపాయి మాటను సెన్సారు ఆఫీసు భద్రంగా దాచింది. అసలు ఉత్తరం అందుకున్న ఇళ్లలో మాత్రం చాలా వరకు మిగల్లేదు. ఆ సెన్సారు ఆఫీసు వాళ్లు ఆ సిపాయి మీద ప్రేమతో దాచలేదు. ప్రేమ ఉన్న మనం దాచలేకపోయాం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వస్తువు దొరకగానే కథలు పెరుగుతాయి. దాదా ప్రపంచంలోకెల్లా పొడవైన వంతెన కట్టారని మా చిచ్చా చెప్పేవాడు. బర్మాలో కలేవా దగ్గర చింద్విన్ నది మీద 1944 డిసెంబరులో 1,154 అడుగుల తేలే బెయిలీ వంతెన వేసిన మాట నిజం. అప్పటికి ఆ రకం వంతెనల్లో అదే పొడవైనదని పుస్తకాల్లో ఉంది. కానీ మా దాదా ఆ వంతెన పనిలో ఉన్నారని రికార్డుల నుంచి వచ్చిన కాగితంలో లేదు. ఆయన కూడా ఎప్పుడూ అనలేదు. అందుకని మేము ఒక నోటు పుస్తకంలో మూడు గడులు గీశాం. ఒక గడిలో దాదా స్వయంగా చెప్పినవి. రెండో గడిలో కాగితం చెప్పేవి. మూడో గడిలో మేం అనుకునేవి. వంతెన మూడో గడిలో ఉంది. చిచ్చాకి మొదట కోపం వచ్చింది. "అబద్ధం కలిపి గౌరవించినా అది గౌరవమే కదా" అన్నాడు. అవసరం లేదు చిచ్చా, కంచరగాడిద కోసం బాధపడ్డ మనిషికి వేరే గొప్ప అక్కర్లేదు అన్నాం. తర్వాత ఆయనే ఆ మూడో గడిలో సంతకం పెట్టాడు.

మన ఇళ్లలో ఇలాంటి పెట్టెలు ఎన్ని ఉండి ఉంటాయో ఒకసారి లెక్క వేసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి మన దేశపు సైన్యం దాదాపు 25 లక్షలు. నిర్బంధం లేకుండా చేరినవాళ్లతో అంత పెద్ద సైన్యం అప్పటివరకు ప్రపంచంలో లేదు. అందులో సుమారు 87,000 మంది తిరిగి రాలేదు. మొదటి యుద్ధంలో 74,000 మందికి పైగా పోయారు. ఆ సైన్యంలో మన తెలుగు జిల్లాలవాళ్లు ఉన్నారు. పశ్చిమ గోదావరిలోని మాధవరానికి ఊరి పేరు ముందు మిలటరీ అన్న మాట ఊరికే రాలేదు.

హైదరాబాద్ నుంచి వచ్చిన దాతలకు ఒక మాట. మీ పెద్దలు 'హైదరాబాద్ రెజిమెంట్' అని చెప్పి ఉంటే అది ఏదో సరిగ్గా చూసుకోండి. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్ 1945లో కుమావూ రెజిమెంటుగా మారింది. దాని కేంద్రం రాణీఖేత్‌లో ఉంది. నిజాం ప్రభుత్వ సైన్యం వేరు. 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మలయాలోని కోట బారు తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలాలో ఉన్నది నిజాం సైన్యంలోని హైదరాబాద్ పదాతి దళం. దళం పేరు తప్పుగా రాస్తే మీ ఉత్తరం ఒక చోటికి, మీ దాదా రికార్డు ఇంకో చోటికి పోతాయి. నిజాం కాలపు ప్రభుత్వ రికార్డుల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో విచారించవచ్చు.

తిరిగి రానివాళ్ల కోసం వెతికే ఇళ్లకు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. కంప్యూటరులో ఉచితంగా వెతకవచ్చు. పేరు, నంబరు, దళం, చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, అప్పటి జిల్లా పేరు కూడా ఉంటాయి. స్పెల్లింగు మనం అనుకున్నట్టు ఉండదు. మహమ్మద్ అన్న పేరునే అయిదారు రకాలుగా రాశారు. కాబట్టి ఊరు పేరుతోనూ, తండ్రి పేరుతోనూ వెతకండి. ఇంఫాల్‌లోని ఇండియన్ ఆర్మీ వార్ సెమెటరీలో ఎనిమిది వందలకు పైగా ఖబర్లు ఉన్నాయి. కోహిమాలో దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సిపాయిల పేర్లు ఒకే స్మారకం మీద ఉన్నాయి. ఖబరు కూడా దొరకనివాళ్ల పేర్లు రంగూన్ దగ్గర టాక్యాన్ స్మారకం మీద దాదాపు 27,000 చెక్కారు. వాళ్ల ఇళ్లలో ఇప్పుడున్న పిల్లలకు ఈ సంగతి తెలుసో లేదో.

ఇప్పుడు చేయవలసిన పనులు చెబుతాం. టీచర్లం కదా, హోంవర్కు ఇవ్వకుండా వదలం.

పతకాలను తోమకండి. చింతపండు, విబూది, బ్రాసో ఏదీ వద్దు. పొడి నూలుగుడ్డతో దుమ్ము తుడిచి, ఒక్కొక్కదాన్ని విడిగా, బాగా ఉతికి ఆరేసిన పాత నూలుగుడ్డలో చుట్టండి. అంచు మీద ఏమైనా చెక్కి ఉందేమో భూతద్దం పెట్టి చూడండి. రిబ్బను ఎంత చిరిగినా తీసి పారేయకండి. ఎండ తగిలే గోడకు తగిలిస్తే రంగు వెలిసిపోతుంది. గోడ మీద పెట్టాలనుకుంటే ఫోటో తీసి ఫ్రేము కట్టించండి.

కాగితాలకు లామినేషన్ చేయించకండి. వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయలేం. సెల్లో టేపు వద్దు, కొన్నేళ్లకు పసుపు మరక దిగి అక్షరాన్ని తినేస్తుంది. రబ్బరు బ్యాండు, గుండుసూది, స్టేప్లరు పిన్ను తీసేయండి. మడతలు మెల్లగా విప్పి, చదునుగా, నేలకు ఎత్తుగా, తేమ తగలని చోట పెట్టండి. ఆరు నెలలకోసారి తీసి చెద, వెండిచేప పురుగు ఉన్నాయేమో చూడండి. ఫోటో వెనక పెన్నుతో రాయకండి, మెత్తటి పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, ఏ ఏడు అని రాయండి. కాగితాన్ని, ఫోటోని రెండు వైపులా స్కాన్ చేయించి మూడు ఇళ్లలో ఉంచండి. అసలుది ఒక్క చోట ఉంటే సరిపోతుంది.

పెట్టెకి రంగు వేయించే ముందు నాలుగు వైపులా, మూత లోపల కూడా చూడండి. ఈ మాట మాత్రం మా కోసం మర్చిపోకండి. పెట్టెలో పాత తూటా, గుండు లాంటివి కనబడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. పాతవైనా పేలవచ్చు.

అన్నిటికంటే ముందు చేయవలసింది ఇంట్లో ఉన్న ముసలివాళ్ల దగ్గర కూర్చోవడం. యుద్ధానికి వెళ్లినవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. వాళ్ల పిల్లలే డెబ్బై, ఎనభైలలో ఉన్నారు. సెల్‌ఫోను పక్కన పెట్టి రికార్డు చేస్తూ, "అబ్బా గురించి చెప్పు" అని ఒక్కసారే అడిగితే రాదు. పతకం, మెస్ టిన్, ఫోటో చేతికివ్వండి. చేతిలో వస్తువు ఉంటే మాట దానంతట అదే వస్తుంది. మా ఫుప్పమ్మ దగ్గర మేం రెండు గంటలు రికార్డు చేశాం. 2022లో ఆమె పోయింది. ఆ రెండు గంటలు ఉన్నాయి. ఇంకో రెండు గంటలు కూర్చోవలసింది అని ఇప్పుడు అనుకుంటాం.

వస్తువులు ఎవరి దగ్గర ఉండాలన్న గొడవ మా ఇంట్లోనూ వచ్చింది. పెట్టె ఆడబిడ్డ సొత్తు అని ఒకరు, పతకాలు పెద్ద కొడుకువి అని ఒకరు. చివరికి ఇలా అనుకున్నాం. ఇవి ఎవరి ఆస్తీ కావు, అందరి దగ్గరా ఉన్న అమానతు. పెట్టె, పతకాలు, కాగితాలు, మూడు గడుల నోటు పుస్తకం ఇక విడిపోవు. రెండేళ్లకోసారి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారతాయి. ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు జాబితా చూసుకుని సంతకం పెడతారు. ఇప్పుడు కంభంలో, ఫుప్పమ్మ కొడుకు ఇంట్లో ఉన్నాయి. ఆకుపచ్చ రంగును మేము పూర్తిగా తీయలేదు. నంబరు కనబడేంత మేరకే తీశాం. ఆమె పెళ్లి పువ్వులు కూడా ఆ పెట్టె చరిత్రే.

ఇక ఒక్క వస్తువు గురించి చెప్పలేదు. మెస్ టిన్. దాని అడుగున మేకుతో గీసిన నంబరు ఉంది. పెట్టె దొరికిన రోజే రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. అది దాదా నంబరు కాదు. వేరే సిపాయిది. దాదాతో కలిసి తిన్నవాడో, గుడారంలో పక్కన పడుకున్నవాడో. మారిపోయిందో, అతను ఇచ్చాడో, అతను పోయాక దాదా తెచ్చుకున్నారో. ముప్పై ఏళ్లపాటు దాదా రోజూ మధ్యాహ్నం పని దగ్గరికి అన్నం అందులోనే తీసుకెళ్లేవారని ఫుప్పమ్మ చెప్పింది. కొత్త టిఫిన్ క్యారియరు కొనిస్తామంటే వద్దన్నారట.

ఆ నంబరుతో రిజిస్టర్లలో వెతికాం. ఇంకా దొరకలేదు. దళం రికార్డులకు రెండో ఉత్తరం రాశాం. ఆ ఇల్లు ఆంబూరులో ఉందో, అనంతపురంలో ఉందో, వాళ్లది ఏ మతమో మాకు తెలియదు. ఎవరైనా మా ఇంటి తలుపు తట్టి ఆ నంబరు చెబితే, మెస్ టిన్ వాళ్ల చేతిలో పెడతాం. నోటు పుస్తకంలో దానికి విడిగా ఒక పేజీ ఉంచాం. అందులో ఇప్పటికి ఒక్క నంబరే రాసి ఉంది.

ఈ సావనీర్ చదివే ప్రతి దాతనూ మా మనవి ఇదే. ఈ నెలలో ఒక ఆదివారం మీ ఇంటి అటక మీదికి ఎక్కండి. దొరికినదాని కింద, వెనక, లోపల చూడండి. నంబరు కనబడితే ముందు కాగితం మీద రాసుకోండి. అది మీ ఇంటిది కాకపోతే, ఎవరిదో కనుక్కునే పని కూడా మీదే.